చెవి మీద చెయ్యి

ఆ రోజు మార్చి ఏడో తారీకు, గురువారం. పొద్దున నెవిల్ తిన్నది ముందు రాత్రి మిగిలిన ఉప్పుమాంసం. భార్య గ్లెనిస్ దాన్ని పలచగా కోసి, కాల్చిన రొట్టె మీద పరిచి, ఆవపిండి పచ్చడి రాసి ఇచ్చింది. ఉప్పులో ఊరిన మాంసానికి మళ్ళీ ఉప్పు జల్లింది. నెవిల్ ఒక కప్పు టీ ఎక్కువ తాగి, టోపీ పెట్టుకుని పశువుల సంతకు బయల్దేరాడు. మధ్యాహ్నానికని ఆవిడ కట్టిన రొట్టె పొట్లం బల్ల మీదే మర్చిపోయాడు.

తేదీ ఎందుకు గుర్తుందంటే, ఆ మధ్యాహ్నమే స్కూలు బస్సు నడిపే ఆయనకు గ్లెనిస్ తారురోడ్డు మీద కనిపించింది. ఒక చేతిలో చెప్పులు, ఇంకో చేతిలో పొట్లం. “నెవ్ భోజనం మర్చిపోయాడు. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. ఇచ్చేసి వస్తాను” అని చెప్పిందట. ఆవిడ నడుస్తున్నది సంత వైపు కాదు, దానికి సరిగ్గా ఎదురు దిక్కు. ఆయన బస్సు వెనక్కి తిప్పి, పిల్లలందరితో సహా ఆవిడను ఇంటి గుమ్మం దాకా దించి వెళ్ళాడు. బస్సులో ఒక్క పిల్లకాయ కూడా నవ్వలేదని తర్వాత తెలిసింది. ఆ పిల్లల తల్లులు వాళ్ళను ఎలా పెంచారో గాని, చల్లగా ఉండాలి అనుకున్నాడు నెవిల్.

ఆ సమయంలో అతని చొక్కా జేబులో ఫోను మోగి మోగి ఊరుకుంది. వందల పశువులు అరుస్తుంటే, ఇనప గేట్లు దబదబా పడుతుంటే, పైన డర్మట్ గొంతు చించుకుని వేలం వేస్తుంటే, జేబులో ఫోను కూత ఎవడికి వినిపిస్తుంది?

నలిగి దుమ్ముకొట్టుకున్న ఆ రొట్టెను నెవిల్ సాయంత్రం బల్ల దగ్గర కూర్చుని చివరి ముక్క దాకా తిన్నాడు. గ్లెనిస్ ఎదురుగా కూర్చుని చూస్తూ ఉంది.

“బాగుందా?”

“అమృతంలా ఉంది.”

“ఉప్పు సరిపోయిందా?”

“నీ చేతి ఉప్పు ఎప్పుడు తక్కువైంది గనక!”

ఆవిడ నవ్వింది. ఆ నవ్వు మాత్రం ఇంకా పాతదే.

మరుపు మొదలై రెండేళ్ళు కావస్తోంది. ముందు పేర్లు పోయాయి, తర్వాత వారాలు, ఇప్పుడు దారులు. వారానికోసారి వచ్చి చూసి వెళ్ళే నర్సు ఒక సంగతి కనిపెట్టింది. గ్లెనిస్‌కు భయం వేస్తే నెవిల్‌కు ఫోన్ చేస్తుంది. అతని గొంతు వినిపిస్తే చాలు, కుదుటపడి మళ్ళీ కుర్చీలో కూర్చుంటుంది. వినిపించకపోతే అతన్ని వెతకడానికి బయటికి నడుస్తుంది. “ఫోను ఎత్తేవాళ్ళు ఉన్నంతకాలం ఆవిడ ఇంట్లో ఉండొచ్చు” అంది నర్సు. “లేదంటే పట్నంలో వృద్ధుల గృహంలో ఒక గది ఖాళీ అయింది. ఈ నెలాఖరు దాకా మీ కోసం ఆపుతారు. ఆలోచించుకోండి.”

తోడుకు మనిషిని పెట్టి చూశాడు. గ్లెనిస్ ఆవిడకు మర్యాదగా టీ ఇచ్చి, కేకు పెట్టి, “మరి మీ ఇంట్లో మీ కోసం ఎదురుచూస్తుంటారేమో?” అని అరగంటకోసారి అడిగింది. ఆ మనిషి రెండో వారం రాలేదు.

వారంలో ఆరు రోజులు నెవిల్ ఇంటి పట్టునే ఉంటాడు. ఒక్క గురువారమే సంత. అతను పశువుల దళారి. సంతకు రాలేని ఆసాముల తరఫున దొడ్లు చూసి, వేలం పాట పాడి, కొని పంపుతాడు. ఆ ఒక్క రోజు మానేస్తే మిగతా ఆరు రోజులకు కూడు లేదు. కాబట్టి గురువారం పూట ఫోను ఎత్తే ఉపాయం దొరకాలి. దొరకకపోతే ఆ గది.

* * *

బ్రోన్విన్ దుకాణంలో ఒక గోడకు కంచెకు కరెంటు పెట్టే బ్యాటరీలు, ఇంకో గోడకు టీవీలు, మధ్యలో అద్దాల బల్ల కింద ఫోన్లూ వాటి సరంజామా. బ్రోన్విన్‌కు నలభై దాటాయి. నోరు ఊరంత, మనసు అంతకంటే పెద్దది.

“ఏంటి నెవ్, మీరు కూడా కుర్రకారులా చెవిలో బిళ్ళలు పెట్టుకుని ఊరేగుతారా?”

“నాకు పాటలొద్దు, ఊరేగింపులొద్దు. ఫోను మోగాలి, నేను మాట్లాడాలి, చేతులు ఖాళీగా ఉండాలి. వైరు ఉండకూడదు, గేటుకు తగులుకుంటుంది.”

“చేతులు ఖాళీ పెట్టుకుని ఏం చేస్తారట?”

“ఒకటి కమ్మీ పట్టుకోవాలి, లేకపోతే దొడ్లో పడతాను. రెండోది నాకు కూడు పెడుతుంది.”

బ్రోన్విన్ మొదట నెత్తి మీదుగా వేసుకునే పెద్ద హెడ్‌సెట్ తీసింది. నోటి ముందుకు మైకు కొక్కెంలా వంగి ఉంది. గాలి హోరు, గోల అన్నీ ఆపేసి మాట ఒక్కటే పంపుతుందట. నెవిల్ టోపీ తీసి పెట్టుకున్నాడు, మళ్ళీ దాని మీద టోపీ పెట్టబోయాడు. టోపీ పిట్టగోడ మీద కాకిలా కూర్చుంది.

“టోపీ మానేయండి.”

“టోపీ లేకపోతే సంతలో నన్నెవరూ గుర్తుపట్టరు. నాకే అనుమానంగా ఉంటుంది.”

తర్వాత చెవి ముందు ఎముకకు ఆనించుకునేది తీసింది. చెవులు రెండూ ఖాళీగా ఉంటాయి, మాట ఎముకలోంచి పోతుందంది. నెవిల్ పెట్టుకుని కాసేపు విన్నాడు.

“నా దవడలో ఎవరో కాపురం పెట్టినట్టుంది.”

“అలవాటవుతుంది లెండి.”

“ఈ వయసులో కొత్త కాపురాలు నాకొద్దు.”

మూడోది మెడలో హారంలా వేసుకునేది. రొమ్ము మీదకు ఒక బొత్తాం వేలాడుతుంది, చెవిలోకి చిన్న తీగ వెళ్తుంది. తీగ అనగానే నెవిల్ తల అడ్డంగా ఊపాడు. చివరికి బ్రోన్విన్ చిక్కుడు గింజంత బ్లూటూత్ ఒకటి అతని అరచేతిలో పెట్టింది. ఒక్క చెవికే. బరువు లేదు, టోపీ కింద ఉన్నట్టే తెలియదు.

“ఏ చెవికి పెడతారు?”

“కుడి చెవికి. ఎడమది మందం, గేట్ల మోతకే పోయింది. డర్మట్ గొంతు చెవిటి చెవికి కూడా వినిపిస్తుంది. మంచి చెవి ఇంటికి ఇవ్వాలి.”

“ఒకసారి తాకితే ఎత్తినట్టు. మళ్ళీ తాకితే పెట్టేసినట్టు. మాట సరిగా వినపడకపోతే రెండుసార్లు తట్టండి, గొంతు పెరుగుతుంది. ఉండండి, లోపల్నుంచి ఫోన్ చేస్తాను.”

“బ్రోన్విన్,” అన్నాడు నెవిల్, “మెల్లగా మాట్లాడు. భయపడ్డవాళ్ళు మాట్లాడినట్టు.”

బ్రోన్విన్ ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది. ఎందుకని అడగలేదు. ఊరంతటికీ బస్సు సంగతి తెలుసు, తెలిసినట్టు ఎవరూ బయటపడలేదు. ఆమె వెనక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. నెవిల్ వీధిలోకి వెళ్ళి నిలబడ్డాడు. పశువుల లారీ ఒకటి హోరుమని పోతోంది. చెవిలో సన్నగా మోగింది. వేలితో తాకాడు.

“నెవ్,” అంది బ్రోన్విన్ గొంతు, దాదాపు గాలిలా, “వినిపిస్తున్నానా?”

“ప్రతి మాటా వినిపిస్తోందమ్మా” అన్నాడు. అదే కట్టివ్వమన్నాడు.

ఆ వారమంతా మొగుడూ పెళ్ళాం సాధన చేశారు. గ్లెనిస్ వరండాలో కూర్చుని ఫోన్ చేసేది. నెవిల్ నీళ్ళ తొట్టి దగ్గర నిలబడి చెవి తాకేవాడు.

“ఎక్కడున్నావు?”

“తొట్టి దగ్గర. కనిపిస్తున్నానుగా, చెయ్యి ఊపు.”

ఆవిడ చెయ్యి ఊపేది, అతను ఊపేవాడు. “నా మొగుడు పోలీసోడిలా ఉన్నాడు” అని ఆవిడ నవ్వేది. చూస్తుండగానే అతని చెయ్యి ఆ పనికి అలవాటు పడిపోయింది. నిజానికి అది కొత్తగా నేర్వాల్సిన పని కాదు. ఆ చేతికి ఆ చెవి ముప్ఫై ఏళ్ళుగా అలవాటే. ఆ సంగతి మాత్రం ఆ వారంలో అతనికి ఒక్కసారి కూడా తట్టలేదు.

* * *

సంతలో ఎవరి గుర్తు వాళ్ళది. కసాయి కంపెనీ మనిషి కన్ను గీటుతాడు. కొండ మీది ఆసామి పెన్నుతో గాలిలో సున్నా చుడతాడు. ఒకాయన మోకాలు కమ్మీ మీద పెడితే పాటలో ఉన్నట్టు, దించితే మానుకున్నట్టు. నోరు తెరిచి పాడేవాడు పచ్చి కొత్తవాడని లెక్క. నెవిల్ గుర్తు కుడి చెవి తమ్మె. బొటనవేలూ చూపుడువేలూ కలిపి అలా తాకితే చాలు, డర్మట్ ధర ఒక మెట్టు పెంచేస్తాడు. పక్కవాడికి కూడా తెలియదు. డర్మట్ కర్రతో కమ్మీ మీద ఠంగుమని కొట్టాక అది అమ్ముడైనట్టే. ఇక వెనక్కి పోవడమనేది ఉండదు. వెనక్కి పోయినవాడి మొహం ఆ తర్వాత ఎవరూ చూడరు.

పద్నాలుగో తారీకు గురువారం, దొడ్ల మీదుగా వేసిన చెక్కల దారి మీద గుంపంతా డర్మట్ వెంట కదులుతోంది. ఒక మూల దొడ్డి దగ్గరికి వచ్చారు. అందులో మూడు ముసలి పాడి ఆవులు. ఎవరో పాడి మానేసి తోలేసినవి. ఎముకల గూళ్ళు, మీద తోలు కప్పినట్టున్నాయి. డర్మట్ ఎంత గొంతు చించుకున్నా కసాయి కంపెనీ మనిషి విసుగ్గా ఒక కన్ను గీటి ఊరుకున్నాడు.

సరిగ్గా అప్పుడు నెవిల్ చెవిలో మోగింది. తాకాడు.

“వచ్చింది పాట!” అరిచాడు డర్మట్. “మన నెవ్‌కు దయ కలిగింది!”

“నెవ్,” అంది గ్లెనిస్, “కెటిల్ ఎక్కడ పెట్టాను?”

“పొయ్యి పక్కన చూడు.” గాలి హోరులో ఆవిడ జవాబు వినిపించలేదు. రెండుసార్లు తట్టాడు.

“ఇంకో రెండు మెట్లు!” డర్మట్ కనుబొమలు టోపీలోకి వెళ్ళిపోయాయి. “ఒరేయ్ నెవ్, నీ మీద నువ్వే పాడుకుంటున్నావేంట్రా! ఒకటోసారి... రెండోసారి...” ఠంగుమంది కర్ర. “నెవిల్‌కు!”

“ఎవరో నీ పేరు పిలిచారు. ఏం కొన్నావు?” అంది గ్లెనిస్ చెవిలో.

నెవిల్ కిందికి చూశాడు. ఆ మూడింటిలో ఎర్రది తల ఎత్తి అతన్నే చూస్తోంది.

“ఆవులు” అన్నాడు.

“మంచివేనా?”

“...సాధువులు.”

“అయితే తోలుకురా. కెటిల్ దొరికింది” అని ఆవిడ సంతోషంగా అంది. నెవిల్ ఫోను పెట్టేయడానికి చెవి తాకాడు. గుంపు అప్పటికే పక్క దొడ్డికి జరిగింది. డర్మట్ సగం మాటలో ఆగి, కర్ర ఎత్తి అతని వైపు చూపించాడు.

“బాబూ, నువ్వు పాడుతున్నావా, జోరీగను తోలుకుంటున్నావా? అందులో ఉన్నవి బ్రహ్మాండమైన ఎద్దులు, ముందే చెబుతున్నా!”

అంతా గొల్లుమన్నారు. నెవిల్ రెండు చేతులతోనూ కమ్మీ పట్టుకుని, సంత అయ్యేదాకా మళ్ళీ వదల్లేదు. ఆ రోజు ఆసాములకు కొనాల్సినవి సగం కొనలేదు.

* * *

సంత క్యాంటీన్లో డర్మట్ మాంసం కూరి కాల్చిన పైలు రెండు తెచ్చి, ఒకటి నెవిల్ ముందు పెట్టి, మీద టమాటా సాసు పిండాడు. వేలం లేనప్పుడు డర్మట్ గొంతు చాలా చిన్నది. దాచుకుంటాడు.

“ఇప్పుడు చెప్పరా. ఆ ఎముకల గూళ్ళు ఎవరికి?”

“నాకే.”

“నీకు పాడి ఎందుకు? నీకు టీలో పాలు కూడా పడవు. పొరపాటైతే చెప్పు, నేను అమ్మిన ఆసామితో మాట్లాడతా. నువ్వడిగితే ఎవడూ కాదనడు.”

“కర్ర పడింది. మాట మాటే” అన్నాడు నెవిల్. తర్వాత చెవిలోంచి ఆ గింజను తీసి బల్ల మీద పెట్టాడు. డర్మట్ దాన్ని చూశాడు, నెవిల్ చెవిని చూశాడు, నోట్లో ముక్కతో అలాగే ఉండిపోయాడు.

“ఓరి నీ దుంప తెగ! ఎత్తడానికి చెవి ముట్టుకోవాలా? దుకాణంలో తట్టలేదూ?”

“నువ్వు మెట్టు దిగేటప్పుడు ఏ కాలు ముందు వేస్తావో చెప్పగలవా? ఇదీ అంతే. ముప్ఫై ఏళ్ళుగా ఆ చెయ్యి ఏం చేస్తోందో నేనెప్పుడు చూశాను గనక!”

డర్మట్ నవ్వడం మొదలుపెట్టాడు. నెవిల్ నవ్వకపోవడం చూసి ఆపేశాడు. అప్పుడు నెవిల్ మొదటిసారి ఆ సంగతి నోరు తెరిచి చెప్పాడు. గ్లెనిస్ ఫోన్లు, రోడ్డు, నర్సు మాట, నెలాఖరు దాకా ఆపిన గది. చెప్పినంతసేపూ తన ముందున్నదాని కాలిన అంచు విరుస్తూనే ఉన్నాడు, తినలేదు.

డర్మట్ చేతులు తుడుచుకున్నాడు. “గుర్తు మార్చేద్దాం. ఇక నుంచి టోపీ అంచు. సరేనా? చెవి ముట్టుకుంటే నాకు కనపడదు” అన్నాడు. లేస్తూ ఒక మాట అన్నాడు. “నా పెళ్ళిలో కేకు చేసింది గ్లెనిస్. మూడంతస్తులు. నాకింకా గుర్తుంది.”

సాయంత్రం ఆవులు లారీ దిగాయి. గ్లెనిస్ కంచె దగ్గరికి వచ్చి, చేతులు నడుం మీద పెట్టుకుని చూసింది. ఆవిడ పుట్టింది పాడివాళ్ళ ఇంట్లో. “ఈ ఎర్రదానికి ఇంకా పాలున్నాయి. ఎవడీ వెధవ దీన్ని తోలేసింది?” అంది. బకెట్ తెమ్మంది. నెవిల్ పేరు రెండుసార్లు మర్చిపోయిన మనిషి, ఆవు పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చోగానే, వేళ్ళకు అన్నీ గుర్తొచ్చాయి.

ఇక ఫోన్లు తగ్గుతాయనుకున్నాడు నెవిల్. రెట్టింపయ్యాయి. ఎర్రది అరుస్తోంది, నల్లది మేత ముట్టలేదు, మూడోదాని పేరేమిటి, పాలు ఎక్కడ పొయ్యాలి, అన్నిటికీ ఫోనే.

* * *

బ్రోన్విన్ ఆ గింజను వెనక్కి తీసుకుని, మెడలో వేసుకునేది ఇచ్చింది. బొత్తాం రొమ్ము మీద ఉంటుంది కాబట్టి చెవి జోలికి వెళ్ళక్కర్లేదు. తీగను చొక్కాలోకి దోపుకోమంది. జరిగింది విన్నాక ఆమె బల్ల మీద తల వాల్చి నవ్వింది. “మూడు ఆవులు! నెవ్, నా దుకాణంలో ఇంతవరకు ఒక బ్లూటూత్‌కు మూడు ఆవులు ఉచితంగా ఎవరికీ రాలేదు.”

ఇరవై ఒకటో తారీకు. మొదటి దొడ్డి దగ్గర నెవిల్ చెయ్యి తనంతట తానే చెవి మీదికి పోయింది. డర్మట్ చూడనట్టు పక్కకు తిరిగాడు. టోపీ అంచు గుర్తొచ్చేసరికి కర్ర ఠంగుమంది, దొడ్డి ఇంకొకరికి పోయింది. రెండోదీ అలాగే పోయింది. మూడోదాని దగ్గర అతను తన చేతిని తానే కసురుకుని, టోపీ అంచు పట్టుకుని కొన్నాడు. పక్కనున్న, మోకాలితో పాడే ఆసామి, “ఏంటి నెవ్, గుర్తు మార్చావు? రహస్యమంటే ఇష్టం పోయిందా?” అన్నాడు. “చెవి అరిగిపోయింది” అన్నాడు నెవిల్.

దూడల దొడ్ల దగ్గర ఫోను మోగింది. ఆ పొద్దున్నే తల్లుల నుంచి విడదీసిన దూడలు. వాటి ఏడుపుకు ఆకాశం పగిలిపోతోంది. నెవిల్ బొత్తాం నొక్కాడు.

“నెవ్?”

“నేనే. చెప్పు.”

“నెవ్? ఎవరు మాట్లాడేది? నెవ్ ఏడీ?”

“నేనే గ్లెన్, నెవ్‌నే! ఏమైంది?”

దూడలు. డర్మట్. గేట్లు. ఆవిడ ఏదో అంటోంది. భయపడినప్పుడు ఆవిడ గొంతు చిన్నదైపోతుంది. “...గేటు...” అన్న మాట ఒక్కటే అందింది. రోడ్డు మీదికి తెరుచుకునే గేటు. నెవిల్ ఇంకేమీ ఆలోచించకుండా కుడి అరచేతితో చెవి మొత్తం మూసుకుని, కళ్ళు మూసుకున్నాడు.

డర్మట్ గొంతు ఆగిపోయింది.

సగం అంకె మీద, నోరు తెరిచి ఉండగానే ఆగింది. వర్షం పడ్డా, కమ్మీ విరిగి ఒకడు దొడ్లో పడ్డా, ఆ గొంతు ఎన్నడూ సగంలో ఆగింది లేదు. గుంపంతా తలెత్తి చూసింది. డర్మట్ కర్రను చంకలో పెట్టుకుని, ఒక చెయ్యి ఎత్తాడు. గేటు దగ్గరున్నవాడు గేటు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. దూడల్ని ఎవరూ ఆపలేరు గాని, మనుషులు మాత్రం ఆగారు.

“ఏంటిది, చర్చిలో ఉన్నామా?” అన్నాడు కసాయి కంపెనీ మనిషి.

“చర్చైతే నీ టోపీ తీయించేవాణ్ణి. నోరు మూసుకో” అన్నాడు డర్మట్ చిన్న గొంతుతో.

“గ్లెన్,” అన్నాడు నెవిల్, “ఇప్పుడు వినిపిస్తోంది. మెల్లగా చెప్పు.”

“గేటు తీశాను. నీకోసమే వస్తున్నా. ఎటు తిరగాలో తెలియట్లేదు.”

“ఎటూ తిరగకు. నిలబడు. నిలబడ్డావా?”

“ఆ.”

“ఇప్పుడు వెనక్కి చూడు. ఏం కనిపిస్తోంది?”

కాసేపు ఊపిరి చప్పుడు. చెక్కల దారి మీద అంతమంది మగవాళ్ళు బూట్ల వైపు చూస్తూ నిలబడ్డారు.

“ఎర్రావు” అంది గ్లెనిస్.

“దానికి మేత వేశావా?”

“వేశానా?”

“వేయలేదనుకుంటా. అది నిన్నే చూస్తోందేమో చూడు.”

“చూస్తోంది పాపం.”

“అయితే గేటు మూసెయ్యి. గొళ్ళెం పెట్టు. చప్పుడు నాకు వినిపించాలి.” దూరంగా, సన్నగా, ఇనుము ఇనుముకు తగిలిన చప్పుడు వినిపించింది. “ఆ. ఇక దాని దగ్గరికి వెళ్ళి మేత వెయ్యి. పక్కన పీట వేసుకుని కూర్చో. పితకడానికి నేనొస్తాను, నువ్వొక్కదానివే పితకొద్దు.”

“నీకు పితకడం రాదు నెవ్” అంది ఆవిడ. గొంతు మామూలైంది. “నువ్వు పితికితే అది తన్నుతుంది.”

“తన్నించుకుంటాలే.”

బొత్తాం నొక్కి, చెవి మీద చెయ్యి తీసి, కళ్ళు తెరిచాడు. ఎవరూ అతని వైపు చూడటం లేదు. అంత మర్యాదగా, అందరూ కలిసి, వేరే వైపు చూస్తున్నారు.

డర్మట్ గట్టిగా ఖళ్ళుమన్నాడు. “ఏంటి అందరూ నన్ను గుడ్లప్పగించి చూస్తున్నారు? దగ్గొచ్చింది, ఆగాను. అరిచేవాడికి దగ్గు రాకూడదా?” కర్ర చంకలోంచి తీశాడు. “ఇక ముందు కూడా వస్తుంది. నెవ్ చెవి మీద చెయ్యి వేసినప్పుడల్లా నాకు దగ్గొస్తుంది. ఇష్టం లేనివాడు వేరే సంతకు పోవచ్చు. సరే, ఎక్కడున్నాం?”

“నా పాటలో ఉన్నాం” అన్నాడు కసాయి కంపెనీ మనిషి. కాస్త ఆగి, కిందికి చూస్తూ, “మా అమ్మకూ ఇలాగే ఉండేది” అన్నాడు, ఎవరితోనూ అన్నట్టు కాకుండా.

* * *

మర్నాడు నెవిల్ మళ్ళీ బ్రోన్విన్ దుకాణానికి వెళ్ళి, మెడలో హారం తీసి బల్ల మీద పెట్టాడు.

“మొదటిదే ఇచ్చెయ్యి.”

“చెవి ముట్టుకోవాలని కదా దాన్ని వద్దన్నారు?”

“ఇప్పుడు ముట్టుకోవచ్చు. ముట్టుకోవాలి కూడా. ఈ బొత్తాం నొక్కితే నేనేం చేస్తున్నానో ఎవరికీ తెలియదు. చెవి ముట్టుకుంటే అందరికీ తెలుస్తుంది.”

బ్రోన్విన్ బల్ల కింది సొరుగు లాగింది. ఆ గింజ దాని పెట్టెలోనే, మీద అతని పేరు రాసిన చీటీతో, ఒక పక్కన ఉంది. “అమ్ముదామనుకున్నా, ఎందుకో చెయ్యి రాలేదు” అంది.

నర్సుకు ఫోన్ చేసి, ఆ గది వేరేవాళ్ళకు ఇచ్చేయమన్నాడు. “ఎప్పటికీ అని కాదు” అన్నాడు. “తెలుసు నాకు, ఒకరోజు ఫోను చెయ్యడం కూడా మర్చిపోతుంది. ఆ రోజు వచ్చినప్పుడు నేనే అడుగుతాను. ఇప్పటికి మాత్రం ఎత్తేవాళ్ళు ఉన్నారు.” నర్సు సరేనంది. ఎత్తేది తనొక్కడే అయినా ‘ఉన్నారు’ అని ఎందుకన్నాడో ఆమె అడగలేదు, అతనూ చెప్పలేదు.

ఆ సాయంత్రం ఎర్రావు అతన్ని నిజంగానే తన్నింది. గ్లెనిస్ పీట లాక్కుని తనే పితికింది. కూరగాయల సూపు, రొట్టె తిన్నారు. గిన్నెలు తుడిచాక నెవిల్ దీపం కింద కుర్చీలో కూర్చుని బూటు తీస్తున్నాడు. గ్లెనిస్ ఆవుల్ని ఒకసారి చూసి వస్తానని వెనక వరండాలోకి వెళ్ళింది. టార్చి వెలుగు కంచె మీద అటూ ఇటూ తిరగడం అతనికి కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. వెలుగు ఒకచోట ఆగింది.

చెవిలో మోగింది. తీయడమే మర్చిపోయాడు. ఒక చేత్తో బూటు పట్టుకుని, రెండో చేత్తో చెవి తాకాడు.

“నెవ్, ఎక్కడున్నావు?”

“ఇంట్లో. వంటింటి దీపం కనిపిస్తోందా?”

“ఆ.”

“దాని కిందే ఉన్నా.”

“సంతకు వెళ్ళలేదూ?”

“వెళ్ళి వచ్చేశా.”

“అయితే ఇంకెవరూ రావాల్సినవాళ్ళు లేరుగా?”

“లేరు గ్లెన్. అందరం ఉన్నాం.”

వరండా చెక్కల మీద అడుగుల చప్పుడు చెవిలోనూ వినిపించింది, బయటా వినిపించింది. గ్లెనిస్ లోపలికి వచ్చి, ఫోను చెవి దగ్గరే ఉంచుకుని అతన్ని చూసి తల ఊపింది. తర్వాత వెనక్కి తిరిగి, ఆవులు ఉలిక్కిపడకుండా, తలుపును చప్పుడు కాకుండా మూసి గడియ వేసింది.